కాటుకమబ్బుకి వెళ్ళే దారి

డెట్రాయిట్ పక్కన నోవైలో తెలుగువాళ్ళింటికి చుట్టాలొస్తే శనివారం నయాగరా, ఆదివారం కాటుకమబ్బు. ఈ వరస ఎవరు పెట్టారో తెలీదు గానీ ఎనభై నాలుగు నాటికి అది ఆచారంలా స్థిరపడిపోయింది. రెండింటికీ పులిహోర తప్పదు. కాటుకమబ్బుకి మాత్రం దద్దోజనం కూడా కట్టుకెళ్ళాలి. అక్కడ తినడానికి ఏమీ దొరకదు, పైగా అక్కడికొచ్చే వాళ్ళకి ఆకలి జాస్తి.

ఆ ఆదివారం పొద్దున శశికళ నిమ్మకాయలు పిండుతూ మనసులో లెక్క వేసుకుంటోంది. తామిద్దరూ, పార్సిప్పనీ నుంచి వచ్చిన చుట్టాలు శ్యామ్‌సుందర్, వసుమతి, అక్కడ ఆకలితో బయటికొచ్చే యాత్రికులు ఓ అరడజను. మనిషికి రెండు గరిటెలు, యాత్రికులకి మూడు. బియ్యం ఎంత పొయ్యాలో తేలిపోయింది. లెక్కలంటే ఆమెకి వేడివేడి జంతికలు తిన్నట్టు ఉంటుంది, ఒకటి అయ్యేలోపు ఇంకోదాని మీదికి చెయ్యి పోతుంది.

"నిన్న నయాగరా చూశాం కదండీ. ఇది దానికన్నా పెద్దదా?" అని అడిగింది వసుమతి, అల్యూమినియం రేకులో పొట్లాలు కడుతూ.

"నూట ఎనభై లక్షల కోట్ల మైళ్ళ వెడల్పు," అంది శశికళ.

"అయితే పొద్దున్నే బయల్దేరాలి," అంది వసుమతి.

మబ్బు అక్కడికి నాలుగువందల కాంతి సంవత్సరాల దూరం. హైవే ఉంది కాబట్టి యాభై నిమిషాలు పడుతుంది. ఆపిల్ తోటలు దాటాక, రసం తీసే సైడర్ మిల్లు దగ్గర ఎడమకి తిరిగితే మొక్కజొన్న చేల చివర రోడ్డు అయిపోతుంది. అయిపోయిన చోట కౌంటీవాళ్ళు పార్కింగ్ లాటూ, పిక్నిక్ బల్లలూ, కూల్‌డ్రింకుల మెషీనూ, మంచినీళ్ళ కుళాయీ పెట్టారు. వాటి వెనకే మబ్బు. కదలదు, మెదలదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దాని అవతల ఏముందో కనపడదు. ఎవరో పాపకి కాటుక పెట్టి, వేలికి మిగిలింది ఆకాశానికి తుడిచినట్టు ఉంటుంది. తెలుగువాళ్ళు దానికి ఆ పేరు అందుకే పెట్టారు.

అంతరిక్ష యాత్రికులు నలుమూలల నుంచీ వచ్చేవారు. టెక్సస్ నుంచి రిటైరైన పైలట్లు, ఒహాయో నుంచి బడిపంతుళ్ళు, ఏ గ్రహమో చెప్పడానికి మొహమాటపడే ఒకరిద్దరు. వాళ్ళు కూడా బళ్ళు గీతల మధ్యే నిలిపేవారు. మబ్బు నడిమధ్య ఒక నక్షత్రం పుట్టబోతోందని అందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. గేటు దగ్గర గాజు గదిలో కూచునే డోరతీ మైకులో "డెస్టినేషన్?" అని అడుగుతుంది. వాళ్ళు "ద స్టార్" అంటారు. గేటు లేస్తుంది, లోపలికి వెళ్తారు, పొద్దు వాలేలోపు మళ్ళీ అదే గేటులోంచి బయటికొస్తారు. ఒళ్ళంతా నల్లటి ధూళి, కడుపులో నకనక. అంతకు మించి ప్రమాదమేమీ లేదు. పులిహోర రుచి మరిగిన యాత్రికులు కొందరు ఆదివారాలు తప్ప వచ్చేవారు కాదు.

"ఇంతేనా? నల్లగా ఉందంతే," అన్నాడు శ్యామ్‌సుందర్, కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని.

"అంతేరా. నయాగరా మాత్రం ఏముంది, నీళ్ళు," అన్నాడు కృష్ణమోహన్. శశికళ భర్త అతను. కారు తలుపుల బందులు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. కాటుకమబ్బు చూడ్డం అతనికి ఇది పదకొండోసారి. బల్ల మీద దుప్పటి పరిచి పేకముక్కలు తీశాడు.

పక్క బల్ల దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. భర్త లోపలికి వెళ్ళాడు. మబ్బులో కాలం తీరు వేరు. లోతుకి పోయేకొద్దీ పాకం ముదిరినట్టు చిక్కబడుతుంది, లోపలి పావుగంట బయట రెండు గంటలైనా కావచ్చు. బయట ఎదురుచూసే వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, మా ఆయన ఎప్పుడొస్తాడు? డోరతీ దానికి పటాలు తిరగేసి, పెన్సిలు నాకి, గుణించి చెప్పేది.

"ఎంత వేగంతో వెళ్ళారు?" అని ఎర్ర టోపీ ఆవిడని అడిగింది శశికళ. ఆవిడ చెప్పింది. "అయితే మూడుంబావుకి వస్తారు. ఆకలేస్తుంది. ఈ పొట్లం ఉంచండి."

మూడుంబావుకి ఆయన వచ్చాడు. డోరతీ కిటికీలోంచి తల బయటికి పెట్టి శశికళని రమ్మని సైగ చేసింది.

"నా లెక్క ఇంకా సగంలోనే ఉంది. నువ్వు పెన్సిలైనా లేకుండా ఎలా చెప్పావ్?"

"ఊరికే. తోచింది."

"నేను వచ్చే నెల ఫ్లోరిడా వెళ్ళిపోతున్నాను, మోకాళ్ళు ఈ చలికి ఒప్పుకోవడం లేదు. ఈ కుర్చీకి ఒక మనిషి కావాలి. బుధవారానికల్లా పేరు చెప్పమన్నారు. నీ పేరు చెప్పనా?"

శశికళ గాజు గదిలోని ఆ కుర్చీ వైపు చూసింది. విశాఖపట్నంలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి వచ్చి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళుగా ఆమె లెక్కలన్నీ పులిహోరకే సరిపోయాయి. పాలు కావాలన్నా, స్టాంపులు కావాలన్నా, లైబ్రరీకి వెళ్ళాలన్నా కృష్ణమోహన్ ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ పక్కన కూచోవాలి. నోవైలో కారు నడపనివాళ్ళకి కాళ్ళు లేనట్టే.

"చెప్పండి," అంది గబుక్కున.

"మంచిది. ఇటు బస్సులు రావు, నీకు లైసెన్సు ఉందిగా?"

వెనక కృష్ణమోహన్ దగ్గాడు.

"మంగళవారం టెస్టు ఉంది," అంది శశికళ. అది నాలుగో టెస్టని మాత్రం చెప్పలేదు.

*

మూడుసార్లు తప్పిందంటే నడపడం రాక కాదు. టెస్టు పెట్టే కొవాల్‌స్కీ అనే పెద్దాయన చాలా మంచివాడు, మీసాల్లోంచి నవ్వుతాడు. ఆయనకో అలవాటుంది. కార్లో కూచుని బెల్టు పెట్టుకుని, ఎదుటివాళ్ళ బెరుకు పోగొట్టడానికి "ఊఁ, ఎక్కడికి పోదాం మేడమ్?" అంటాడు. ఏళ్ళ తరబడి, వచ్చిన ప్రతివాళ్ళతోనూ అంతే.

బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదు. శశికళ అమ్మమ్మ ఈ ఒక్క విషయంలో ఎవర్నీ క్షమించేది కాదు. ఎవరైనా నోరు జారి అడిగితే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. లేకపోతే వెళ్ళిన పని కాదు.

మొదటిసారి కొవాల్‌స్కీ అడగ్గానే శశికళ ఇంజను ఆపి, కారు దిగి, మంచినీళ్ళ కోసం ఆఫీసులోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన, పాపం భయపడి పారిపోయిందనుకుని, ఫెయిల్ చేసేశాడు. రెండోసారి పళ్ళ బిగువున కదిలింది గానీ ఆ ప్రశ్న చెవిలోనే ఉండిపోయి స్టాప్ గుర్తు కనపడలేదు. మూడోసారి సీసాలో నీళ్ళు తెచ్చుకుని అక్కడే తాగింది. అయితే కాళ్ళు కడుక్కోలేదన్న పీకులాట పోలేదు. ఎడమకి తిరగమంటే కుడికి తిరిగింది.

"లెక్కల్లో గోల్డ్ మెడలిస్టువి, శకునాలు చూస్తావా?" అన్నాడు కృష్ణమోహన్ అప్పుడు.

"నేను చూడనండీ. అవే నన్ను చూస్తాయి."

"బావుంది!"

"మరి కారు కొన్నప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిందెవరు?"

"అది కారు కోసం," అన్నాడతను, కొంచెం తగ్గి.

*

"ఏమ్మాయ్, ఆ మొహం అలా పెట్టావేం?"

పిక్నిక్ బల్ల దగ్గర శశికళ తలెత్తింది. వెండిరంగు సూటు, దాని మీద తెల్ల స్వెట్టరు, తలకి స్కార్ఫు, చేతిలో ఖాళీ అయిన పులిహోర పొట్లం. విమలకుమారి ఆంటీ. నర్సాపురం మనిషి. అక్కడా, ఆ తర్వాత డెట్రాయిట్‌లోనూ కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఇంట్లో కూచోలేక అంతరిక్ష యాత్రికురాలైంది. సాయంత్రం తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళేలోపు ఆదివారాలు ఇక్కడికొచ్చి, ఒకసారి మబ్బులోకి వెళ్ళి, చూడాల్సింది చూడకుండానే తిరిగొచ్చేది. "ఎంతమంది పిల్లల్ని ఈ చేతుల్లోకి తీసుకున్నానో నాకే తెలీదు. ఒక్క నక్షత్రం కాన్పు చూస్తే చాలు, ఇంక దేవుణ్ణి ఏమీ అడగను," అనేది.

శశికళ అంతా చెప్పింది. టెస్టు, కుర్చీ, బుధవారం.

"ఇంతేనా! ఇంత ఖాళీ జాగా పక్కన పెట్టుకుని సందుల్లో ప్రాక్టీసు చేస్తావా? మబ్బులో అయితే గుద్దుకోడానికి ఏముంది? కాంతి సంవత్సరాల పొడుగునా ధూళి తప్ప. పద, నీ కారు తియ్. ఇవాళ నా రాకెట్టు బండి క్లచ్చు కూడా బాలేదు."

"ఆయన్ని అడిగి..."

"నువ్వు కారు నడపడానికి పేకాడేవాణ్ణి అడగాలా?"

కృష్ణమోహన్ తాళాలిచ్చాడు. ఆకుపచ్చ స్టేషన్ వాగను. దాన్ని చూస్తే అతనికి ముచ్చట, భయం కూడా. "జాగ్రత్త. ఎక్క..." అని ఆగి, నాలుక కరుచుకుని, "ఎక్కువ స్పీడు వద్దు," అన్నాడు.

గేటు దాకా బాగానే వచ్చారు. గాజు గదిలోంచి మైకు గరగరలాడింది. "డెస్టినేషన్?"

శశికళ ఇంజను ఆపేసింది. కారు దిగి కుళాయి దగ్గరికి నడిచింది. చెప్పులు విడిచి, అక్టోబరు చలిలో పాదాల మీద చన్నీళ్ళు చల్లుకుని, బెంచీ మీద కూచుంది.

"ఏమైందే తల్లీ? ఇంజను ఆగిపోయిందా?" విమలకుమారి కూడా దిగి వచ్చింది.

"లేదాంటీ. ఎక్కడికని అడిగింది."

విమలకుమారి పగలబడి నవ్వింది. "శకునాలు మాకు లేవు గానీ, మా అమ్మ బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఈ ఒక్కటి మానలేకపోయిందే. పాస్టరుగారిని కూడా వెనక్కి పిలిచి కూచోబెట్టేది." నవ్వాపుకుని పక్కనే కూలబడింది. "ఇటియ్యి ఆ గ్లాసు. నీళ్ళేగా, దేవుడేమీ అనుకోడు." తాగి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేసుకుంది.

ఇద్దరూ మళ్ళీ గేటు దగ్గరికొచ్చారు. "డెస్టినేషన్ చెప్పనేలేదు మీరు," అంది డోరతీ.

"మా వైపు ఎక్కడికని అడగరు డోరతీ," అంది శశికళ, ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వెతుక్కుంటూ. "వెళ్ళేవాళ్ళు వెళ్తున్నామని కూడా అనరు. వెళ్ళొస్తాం అంటారు. వెళ్తాం, వస్తాం, రెండూ ఒకే మాటలో."

"ఎక్కడికో చెప్పరు, తిరిగొస్తామని మాత్రం చెప్తారు."

"అంతే."

డోరతీ ఆలోచించింది. "నిజానికి నాకు కావాల్సింది ఆ రెండోదే," అంటూ గేటు ఎత్తింది.

*

లోపలికి వెళ్ళగానే హెడ్‌లైట్ల వెలుతురు బానెట్టు దాటకుండా ఆగిపోయింది. రోడ్డు లేదు. టైర్ల కింద మెత్తగా, జల్లించిన పిండి మీద నడిపినట్టు ఉంది. స్టీరింగు గోరువెచ్చగా అయింది.

"అద్దం చూడు," అంది విమలకుమారి.

"అద్దంలో ఏమీ లేదాంటీ."

"లేదని చూశావుగా. చూడ్డమంటే అదే. ఇప్పుడు ఇండికేటరు వెయ్యి, కుడికి తిరుగు."

"ఎవరికోసం వెయ్యాలి?"

"నీకోసం. నువ్వు తిరుగుతున్నావని నీకు తెలియాలి కదా ముందు."

శశికళ ఇండికేటరు వేసింది. టిక్కు టిక్కుమని ఆ చప్పుడొక్కటే ఆ లోకమంతా వినిపించింది. కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, ఆగింది, వెనక్కి నడిపింది. రెండు ధూళి ముద్దల మధ్య పక్కవాటుగా పార్కు చేసింది. కాసేపటికి భుజాలు దిగాయి, నడుం సీటుకి ఆనింది. ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు కాబట్టి దారి తప్పే భయం కూడా లేదు. ఇలా నడపడం ఇంత హాయిగా ఉంటుందని నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదేమిటా అనుకుంది.

"అమ్మాయ్," అంది విమలకుమారి కాసేపటికి, గొంతు తగ్గించి. "ఈపాటికి నాకెప్పుడూ గేటు వచ్చేసేది. తిన్నగా నక్షత్రం వైపే గురిపెట్టి పోతాను, పోతూ పోతూ ఉంటే ఎదురుగా డోరతీ కనిపించేది. ఇవాళ ఇంకా రాలేదేం?"

శశికళ ముందుకి వంగి చూసింది. ముందు ఏదో వెచ్చగా ఉంది. వెలుగని అనలేం. పొద్దున్నే కుంపట్లో బూడిద కదిపితే అడుగున కనిపించే నిప్పులాంటిది. ఆమె ఇండికేటరు వేసి, అద్దం చూసి, కారు ఓ పక్కకి తీసి ఆపింది.

విమలకుమారి అద్దం దించి చెయ్యి బయటికి చాపింది. అరచేతిని అటూ ఇటూ తిప్పి, నొప్పులు పడే మనిషి పొట్ట మీద ఆనించినట్టు ఆ చీకటి మీద ఆనించింది. ముఖంలో నవ్వు పోయి, పని చేసే మనిషి ముఖం వచ్చింది.

"ఇంకా టైముంది. తొందరపెట్టకూడదు. తినడానికేమైనా ఉందా?"

వెనక సీట్లో దద్దోజనం డబ్బా ఉంది. ఒకే స్పూనుతో మార్చి మార్చి తిన్నారు. అల్లం ముక్క తగిలినప్పుడల్లా విమలకుమారి "బావుందే" అంది. ఆవగింజ ఒకటి స్వెట్టరు మీద పడితే ఏరుకుని తినేసింది.

డబ్బా అడుగు కనపడే వేళకి నిప్పు కదిలింది. చప్పుడేమీ లేదు. చుట్టూ ఉన్న ధూళి ఒక్కసారి లోపలికి ఊపిరి తీసినట్టు ముడుచుకుంది. ఆ తర్వాత అక్కడ ఒక చిన్న నక్షత్రం ఉంది. పసుపు రాసిన పాదం రంగులో, తడితడిగా, ఏం చెయ్యాలో ఇంకా తెలియనట్టు మిణుకుమంది.

"కంగారేం లేదు. ఆడపిల్ల," అంది విమలకుమారి.

"ఎలా తెలుసాంటీ?"

"ఇన్నేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా?" అని స్కార్ఫు కొసతో కళ్ళు తుడుచుకుంది. పెదాలు కదిలాయి. పుట్టిన ప్రతి బిడ్డకీ చెప్పుకునే నాలుగు మాటలు దీనికి కూడా చెప్పుకుంది.

శశికళ డాష్‌బోర్డు మీద పేరుకున్న నల్లటి ధూళిని వేలితో తీసి, ముందు అద్దంలో నక్షత్రం కనపడుతున్న చోట, బుగ్గ అనిపించిన వైపు, చిన్న చుక్క పెట్టింది. కారు కాస్త కదిపి చూస్తే చుక్క అద్దం మీద లేదు, నక్షత్రం మీదే ఉంది.

"ఇంత చీకటి చుట్టూ ఉండగా మళ్ళీ దిష్టిచుక్క ఎందుకే?"

"చుట్టూ ఉన్నది ఉయ్యాల, ఆంటీ. చుక్క చుక్కే."

గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. బల్ల దగ్గర పేక సర్దేశారు. వసుమతి దుప్పటి మడతపెడుతూ "చూశారా?" అంది.

"చూశాం. ఆడపిల్ల."

"శుభం. తేలిగ్గా అయిందా?"

"ఆఁ, తేలిగ్గానే."

కృష్ణమోహన్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. గీత కూడా పడలేదు. లోపల కింద పరిచిన మ్యాట్ల మీద మాత్రం బెత్తెడు మందాన నల్లటి ధూళి. "రేపు వాక్యూమ్ చేస్తాలే," అన్నాడు. మర్నాడు శ్యామ్‌సుందర్ వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపే హడావిడిలో ఆ సంగతి మర్చిపోయాడు.

*

మంగళవారం ఆ ఏటి మొదటి మంచు పడింది. కృష్ణమోహన్ ఆమెని టెస్టు ఆఫీసులో దింపి, లోపల కూచుని, తన టై కొస తనే నలుపుకుంటూ ఉన్నాడు.

కొవాల్‌స్కీ వచ్చి కార్లో కూచున్నాడు. బూట్లు రెండూ నల్లటి ధూళిలో చీలమండల దాకా దిగాయి. ఆయన బెల్టు పెట్టుకున్నాడు. మీసాల్లోంచి నవ్వాడు. నోరు తెరిచాడు.

శశికళ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

కొవాల్‌స్కీ నోరు అలాగే ఉండిపోయింది. ఏదో అడగాలి. ఎప్పుడూ అడిగేదే. నాలిక చివరనే ఉండాలి, లేదు. బూట్ల వైపు చూసుకున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, చివరికి "సరే మరి," అన్నాడు.

"వెళ్ళొద్దాం," అంది శశికళ తెలుగులో, తనకే చెప్పుకున్నట్టు. అద్దం చూసి, ఇండికేటరు వేసి కదిలింది.

మంచు జోరందుకుంది. ఎదురుగా అంతా తెల్లగా, రోడ్డుకీ ఆకాశానికీ తేడా లేకుండా అయింది. ఇది కూడా చీకటే, కాకపోతే తెల్లది, అనుకుంది. బ్రేకు మీద కాలు ఒత్తకుండా, వచ్చింది వచ్చినట్టు చూస్తూ, నెమ్మదిగా పోనిచ్చింది. ఎడమకి తిరగమని గానీ, కుడికి తిరగమని గానీ కొవాల్‌స్కీ చెప్పలేదు. ఆయన వెనక్కి ఆనుకుని ఏదో పోలిష్ పాట కూనిరాగం తీస్తున్నాడు. అందుకని శశికళ తనకి తోచినట్టు తిరిగింది. కిరాణా కొట్టు మీదుగా, లైబ్రరీ ముందు నుంచి, చెరువు పక్కగా వెళ్ళింది. ఈ నాలుగేళ్ళూ ఒక్కతే వెళ్ళలేకపోయిన చోట్లన్నీ ఒకసారి పలకరించి వచ్చింది. ప్రతి స్టాప్ దగ్గరా పూర్తిగా ఆగింది. లైబ్రరీ ఎదుట రెండు కార్ల మధ్య పక్కవాటుగా పార్కు చేసి, మళ్ళీ తీసింది. ధూళి ముద్దలకన్నా కార్లే నయం, కనపడతాయి.

ఆఫీసు ముందుకొచ్చి ఇంజను ఆపాక కొవాల్‌స్కీ నిద్రలోంచి లేచినట్టు అటూ ఇటూ చూశాడు.

"మనం ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చాం?" అన్నాడు.

వెళ్ళొచ్చాక అడిగితే తప్పులేదు. శశికళ ఒక్కటి కూడా వదలకుండా అన్నీ చెప్పింది. ఆయన వింటూ తలూపాడు. "చెరువు గడ్డకట్టిందా?" అని అడిగాడు కూడా.

"అంచుల్లోనే, ఇంకా మధ్యకి రాలేదు."

"ఇంత సుఖంగా నేను ఎవరి పక్కనా కూచోలేదు," అంటూ పాసైందని రాసిచ్చాడు.

కృష్ణమోహన్ గాజు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆమె ముఖం చూడగానే అర్థమై, ఏమీ అడక్కుండా చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూచున్నాడు. "పద, నన్ను ఆఫీసులో దింపు," అన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "సాయంత్రం మాత్రం తొందరగా రా. నేను కిటికీ దగ్గర కూచుని ఎదురుచూడలేను," అన్నాడు.

బుధవారం డోరతీ శశికళ పేరు చెప్పింది.

*

డిసెంబరు నుంచి గాజు గదిలో శశికళ కూచుంటోంది. మైకు ఉంది గానీ దానిలో ఎవర్నీ ఏమీ అడగదు. ఎవరైనా గేటు ముందు ఆగితే కిటికీలోంచి ఒక కాగితం కప్పుతో మంచినీళ్ళు ఇస్తుంది. తాగేదాకా ఆగి, "వెళ్ళిరండి," అంటుంది. టెక్సస్ పైలట్లకి, ఒహాయో పంతుళ్ళకి జవాబు కూడా నేర్పింది. "వెల్లోస్టాం" అని వాళ్ళు గట్టిగా అరిచి లోపలికి వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు ముఖాల మీద ధూళితో పాటు పసుపు రంగు వెలుతురు కూడా కొంచెం అంటుకుని ఉంటుంది. బుగ్గ మీద చుక్క చాలా బావుందని చెప్పి వెళ్తారు.

విమలకుమారి వారం వారం వెళ్ళి చూసొచ్చి, పిల్ల బరువు పెరిగిందని చెప్తుంది. ప్రార్థన కూటంలో కృతజ్ఞతలు చెప్పుకునే విషయాల్లో దాన్ని కూడా చేర్చింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం, మంచు కరిగి రోడ్లు నల్లగా మెరుస్తున్న రోజు, గేటు ముందు ఒక పాత బండి ఆగింది. లోపల కొత్త వెండిరంగు సూటులో, పొట్ట దగ్గర కొంచెం బిగుతుగా, కొవాల్‌స్కీ కూచుని ఉన్నాడు.

"రిటైరయ్యాను," అన్నాడు సిగ్గుపడుతూ. "జీవితమంతా పక్క సీట్లోనే కూచున్నాను కదా, ఒకసారి నేనే నడుపుదామని. ఇక్కడ చెప్పాలటగా? నేను వెళ్ళేది..."

శశికళ చెయ్యెత్తి ఆపింది. మంచినీళ్ళ కప్పు అందించింది. ఆయన తాగాడు, మీసాలు తుడుచుకున్నాడు. చెప్పబోయిన మాట మళ్ళీ ఎత్తలేదు.

"వెళ్ళిరండి."

"వెల్లోస్టాం," అన్నాడు కొవాల్‌స్కీ. పక్కన బల్లల దగ్గర విని నేర్చుకున్నాడో ఏమో. వెనక ఎవరూ లేరు. అయినా అద్దం చూసుకుని, ఇండికేటరు వేసి, కాటుకమబ్బులోకి తిరిగాడు.

శశికళ మనసులో లెక్క వేసింది. ఆయన నడిపే తీరుకి నాలుగున్నర అవుతుంది. మనిషి కొంచెం భారీ, మూడు గరిటెలు చాలవు. పులిహోర గిన్నె దగ్గరికి లాక్కుని నాలుగో గరిటె కూడా వేసి, పొట్లం కట్టి కిటికీ పక్కన పెట్టింది.